పెంచుకున్న కుక్క పోయాక ఇంకోదాన్ని ఎప్పుడు తెచ్చుకోవాలి?

కుక్క పోయిన ఇంటికి పలకరించడానికి వచ్చినవాళ్లలో కొందరు కాఫీ చల్లారేలోపే "ఇంకోదాన్ని తెచ్చేసుకోండి, అన్నీ సర్దుకుంటాయి" అనేస్తారు. ఇంకొందరు "పోనీలెండి, మళ్ళీ ఆ బాదరబందీ ఎందుకు, హాయిగా ఊళ్లు తిరగండి" అంటారు. ఇద్దరూ మన మంచి కోరే చెబుతారు, ఇద్దరి మాటా వినక్కర్లేదు. ఇక నెట్‌లో వెతికితే మూడు నెలలు ఆగమని ఒకరు, ఆరు నెలలని ఇంకొకరు, ఏడాది గడవాల్సిందే అని మరొకరు. ఏడాది లెక్క మనవాళ్లకి బాగా ఎక్కుతుంది కూడా, ఎందుకంటే మనిషి పోతే సంవత్సరీకం అయ్యేదాకా చాలా ఇళ్లలో శుభకార్యాలు పెట్టుకోరు కదా, అదే లెక్క కుక్కకీ వేసేస్తారు.

సూటిగా చెప్తాను. ఎన్నాళ్లు ఆగాలన్నది మనసు ఒక్కటే తేల్చే విషయం కాదు. మీ కుక్క దేనివల్ల పోయిందో అది సగం తేలుస్తుంది, ఆ ఇంట్లో రేపు పొద్దున పని ఎవరి నెత్తిన పడుతుందో అది పావు వంతు తేలుస్తుంది, మిగిలిన పావే మనసుది. అందరూ ఆ పావు గురించే మాట్లాడతారు, మిగతా ముప్పావు ఎవరూ చెప్పరు. అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడుతున్నా.

ముందు, దేనివల్ల పోయింది?

"మా ఇంటికి కుక్కలు అచ్చిరావండీ" అనే మాట మీరు వినే ఉంటారు. ఒక పిల్లని తెచ్చారు, నాలుగు రోజులు వాంతులు, రక్తంతో విరేచనాలు, పోయింది. పిల్లలు ఏడుస్తున్నారని నెల తిరక్కుండానే ఇంకోటి తెచ్చారు, అదీ అలాగే పోయింది. మూడోదీ పోతే ఇక ఇంట్లో పెద్దవాళ్లు వాస్తు దగ్గరికి వెళ్లిపోతారు. చాలాసార్లు అక్కడ జరిగింది పార్వో. పార్వో వైరస్ మొండిది. ఇంట్లో గచ్చు మీద, గోనెపట్టా మీద, చెప్పుల అడుగున నెలల తరబడి బతుకుతుంది, నీడా తేమా ఉన్న పెరటి మట్టిలో అయితే ఏడాది వరకూ ఉండగలదు. మొదటి పిల్ల విరేచనం చేసిన చోటే రెండోది వచ్చి వాసన చూస్తుంది, ముక్కు నాక్కుంటుంది, అయిపోయింది. ఇందులో అచ్చిరాకపోవడం ఏమీ లేదు, వైరస్ ఇంకా ఆ ఇల్లు ఖాళీ చేయలేదంతే.

కాబట్టి మీ కుక్కపిల్ల పార్వోతో పోయి ఉంటే (డాక్టరు కిట్ టెస్ట్ చేసి చెప్పి ఉంటారు, చెప్పకపోతే ఫోన్ చేసి అడగండి), టీకాలు పూర్తికాని ఇంకో పిల్లని ఆ ఇంటికి ఇప్పుడే తీసుకురావద్దు. ఎంత ముద్దొచ్చినా సరే. ముందు శుభ్రం చేయాలి, అది కూడా పద్ధతిగా. పరుపు, బొంత, గుడ్డ బొమ్మలు, నమిలిన ప్లాస్టిక్ గిన్నెలు తీసేయండి, వాటి మీద ప్రేమ ఉందని దాచుకోవద్దు, వేరే కుక్కలున్న ఇంటికి అస్సలు ఇవ్వద్దు. ఒక్క కాలర్ దాచుకోవాలనిపిస్తే కవర్లో పెట్టి బీరువాలో పెట్టుకోండి. స్టీలు గిన్నెలైతే బాగా తోమి, బ్లీచ్ నీళ్లలో నానబెట్టి వాడుకోవచ్చు. నేల కడగడానికి ఇంట్లో మామూలుగా వాడే ఫినాయిల్ సరిపోదు, వాసన ఘాటుగా ఉంటుంది గానీ పార్వోకి దాన్ని నమ్ముకోకూడదు. బ్లీచ్ కావాలి. ద్రవ రూపంలో దొరికే బ్లీచ్ ఒక వంతుకి 30 వంతుల నీళ్లు కలపాలి, ముందు సబ్బుతో మురికంతా పోయేలా కడిగేసి, ఆ తర్వాత ఈ నీళ్లు పోసి పది నిమిషాలు తడిగా ఉంచి అప్పుడు కడగాలి. మురికి మీదే బ్లీచ్ పోస్తే ఆ మురికే దాన్ని తినేస్తుంది, వైరస్ చావదు. యాసిడ్‌తో గానీ ఇంకే క్లీనర్‌తో గానీ బ్లీచ్‌ని కలపకండి, వచ్చే గాలి మీ ఊపిరితిత్తులకి ప్రమాదం.

పెరటి మట్టిని బ్లీచ్‌తో శుద్ధి చేయలేం. ఎండ బాగా తగలనివ్వడం, పై మట్టి కొంత తీసేయడం, కొత్త కుక్కని కొన్నాళ్లు అటు పోనివ్వకపోవడం, అంతే చేయగలిగింది.

ఇక్కడ చాలామందికి తట్టని దారి ఒకటుంది. పిల్లే ఎందుకు? పార్వో ఎక్కువగా చంపేది టీకాలు పూర్తికాని కుక్కపిల్లల్ని. ఏడాది దాటి, టీకాలన్నీ సరిగ్గా పడిన పెద్ద కుక్కని దత్తత తీసుకుంటే, ఇల్లు శుభ్రం చేసుకుని ఆర్నెల్లు ఆగకుండానే తెచ్చుకోవచ్చు. తెచ్చే ముందు టీకా కార్డు మీ డాక్టరుకి చూపించండి. పిల్లే కావాలంటే దాని టీకాల కోర్సు వేరే చోట పూర్తయ్యాకే మీ ఇంటికి రానివ్వండి. కోర్సు అంటే ఒక్క సూది కాదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయిస్తారు. ఎందుకంటే తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాని పనిచేయనివ్వదు, ఆ రక్షణ ఏ పిల్లలో ఏ వారం తగ్గుతుందో బయటికి తెలీదు. "ఒక డోసు వేయించాం సార్, ఇంక ఫర్వాలేదు" అని అమ్మేవాడు చెబితే ఆ మాటకి విలువ లేదు.

టిక్ ఫీవర్‌తో, అంటే పిడుదులు కుట్టి అంటించే జ్వరంతో, పోయిందా? హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ ఏ వెట్ క్లినిక్‌లో కూర్చున్నా పదిమందిలో ఇద్దరు ముగ్గురి నోట ఈ మాటే వినిపిస్తుంది. పిడుదులు కుక్క ఒంటి మీదే ఉంటాయనుకుంటాం గానీ వాటి కాపురం ఎక్కువగా మన గోడల్లోనే. కడుపునిండా రక్తం తాగిన ఆడ పిడుదు కింద రాలి, గోడ పగుల్లోనో తలుపు ఫ్రేము వెనకో దూరి వేలల్లో గుడ్లు పెడుతుంది. మీ కుక్కని కుట్టి రాలిపోయిన పిల్ల పిడుదు కుబుసం విడిచి పెద్దదై తర్వాత వచ్చిన కుక్కని కుడుతుంది, ఆ జబ్బు అప్పుడు దీనికి ఎక్కుతుంది. తిండి లేకుండా నెలల తరబడి ఓపిక పట్టగలవు అవి. రాత్రిపూట టార్చి తీసుకుని కుక్క పడుకునే మూల పైన, గోడ సీలింగుకి కలిసే చోట చూడండి, గోధుమ రంగు నువ్వుగింజల్లా పాకుతూ కనిపిస్తే ఇంకా ఉన్నట్టే. పెస్ట్ కంట్రోల్ వాళ్లకి బొద్దింకలని కాకుండా పిడుదులని ప్రత్యేకంగా చెప్పి చేయించండి, పగుళ్లు సిమెంటుతోనో పుట్టీతోనో పూడ్పించండి, గుడ్లు పొదిగాక వచ్చేవాటి కోసం ఇంకోసారి కొట్టించండి. ఆ తర్వాత కొత్త కుక్కకి వయసుకీ బరువుకీ తగిన పిడుదుల మందు డాక్టరుని అడిగి మొదటి వారం నుంచే మొదలుపెట్టండి. ఇది చేస్తే నెలలు ఆగక్కర్లేదు, చేయకపోతే రెండేళ్లు ఆగినా పెద్ద లాభం లేదు.

డిస్టెంపర్ (ఇదీ కుక్కలకి వచ్చే ఒక వైరస్ జబ్బే) సంగతి వేరు. జబ్బు భయంకరమైందే గానీ ఆ వైరస్ బయట ఎక్కువ కాలం బతకదు, మన ఎండలకి అసలే బతకదు. ఇల్లు కడిగి, కొన్ని వారాలు ఆగి, టీకాలు పడిన కుక్కని తెచ్చుకోవచ్చు. లెప్టో (లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జబ్బు) అయితే ఎక్కువగా ఎలుకల ఉచ్చతో వస్తుంది కాబట్టి ముందు ఎలుకల సంగతి చూడాలి, టీకాలో లెప్టో కూడా ఉన్నది వేయించాలి. పిల్లుల్లోనూ పార్వో లాంటిదే ఒకటుంది, అదీ అంతే మొండిది, టీకా పడని పిల్లిపిల్లని వెంటనే తేవద్దు.

ముసలితనం, కిడ్నీలు, గుండె, క్యాన్సర్ అయితే ఇంటివైపు నుంచి అడ్డేమీ లేదు.

ఒక్కటి మాత్రం అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది. కుక్క ఉన్నట్టుండి వింతగా ప్రవర్తించి, చొంగ కారుస్తూ, మింగలేక, కాళ్లు పడిపోయి కొద్ది రోజుల్లోనే పోయి ఉంటే అది రేబిస్ కావచ్చు. అప్పుడు కొత్త కుక్క ఆలోచన పక్కన పెట్టి, దాని కాటు తిన్నవాళ్లు, గీరుకున్నవాళ్లు, పుండు మీద చొంగ పడినవాళ్లు అందరూ అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ప్రభుత్వాసుపత్రిలో టీకా ఉచితంగా వేస్తారు. అవసరమైతే గాయం దగ్గర ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా వేయాలి, దాన్ని అడిగి మరీ వేయించుకోండి. డాక్టరు ఇచ్చిన తేదీల్లో ఒక్కటి కూడా తప్పకూడదు.

ఇక జబ్బు కాకుండా పోయినవి. గేటు తీసి ఉంటే రోడ్డు మీదకి పరుగెత్తి బండి కింద పడిందా, ఎలుకల మందు తిందా, ఐదో అంతస్తు బాల్కనీ నుంచి పిల్లి జారిందా? ఇక్కడ నా లెక్క చాలా చిన్నది: గేటుకి స్ప్రింగు బిగించాక, ఎలుకల మందు ఇంట్లోంచి బయటికి పోయాక, బాల్కనీకి వల కట్టాక. మీకు కన్నీళ్లు ఆగాయా లేదా అన్నది తర్వాత, వల కట్టారా లేదా? కట్టకుండా కొత్త పిల్లిని తెస్తే దానికి అన్యాయం.

మనసు సంగతి

పొద్దున్నే పాలప్యాకెట్ కత్తిరించిన చప్పుడుకి వంటింటి గుమ్మంలో ఎవరూ రాకపోవడం, పెరుగన్నం చివరి ముద్ద చేతిలో పెట్టుకుని కిందికి చూడటం, తలుపు వెనక మేకుకి గొలుసు ఇంకా వేలాడుతూ ఉండటం. ఇవన్నీ ఉంటాయి, చాలాకాలం ఉంటాయి, కొత్త కుక్క వచ్చాక కూడా ఉంటాయి. కాబట్టి "బాధ పూర్తిగా పోయాక తెచ్చుకుందాం" అని కూర్చుంటే ఆ రోజు రాకపోవచ్చు. బాధ ఉందా లేదా అని చూడకండి, బాధ ఉన్నా ఇంకో ప్రాణిని పాతదానితో పోల్చకుండా దాన్ని దానిలాగే చూడగలరా అని చూడండి.

అది ఎలా తెలుస్తుంది? ఫోన్లో దత్తత పోస్టులు చూస్తున్నప్పుడు మీ వేలు ఎక్కడ ఆగుతోందో గమనించండి. అదే రంగు, అదే చెవులు, ముక్కు మీద అదే తెల్ల మచ్చ ఉన్నవాటి దగ్గరే ఆగుతుంటే మీకు కావాల్సింది పోయిన కుక్కే. అది రాదు. వచ్చిన కుక్క దాని పాత్ర పోషించలేదు, ఆ కోపం పాపం దాని మీద పడుతుంది, "మా బ్రూనో అయితే ఇలా కొరికేది కాదు" అంటూ. మీ బ్రూనో కూడా మూడు నెలల వయసులో సోఫా కొరికే ఉంటుంది, పదకొండేళ్ల కింద సంగతి మీరు మర్చిపోయారు. అదే మీ పాతదానికి ఏ పోలికా లేని, నల్లగా బక్కగా చెవి వంకరగా ఉన్న ఒకదాన్ని చూసి "దీని పేరేంటో" అని మీకే నవ్వొస్తే సిద్ధమవుతున్నారన్నమాట.

ఇంకో పద్ధతి ఇంకా మొరటుది, కానీ పనిచేస్తుంది. పక్కింటి కుక్కని ఒక వారం పాటు పొద్దున్నే వాకింగ్‌కి తీసుకెళ్తానని అడగండి, ఎవరూ కాదనరు, ఎగిరి గంతేస్తారు. ఐదున్నరకి లేచి, చేతికి కవరు తొడుక్కుని మలం ఎత్తి, వీధికుక్కల్ని తప్పించుకుంటూ తిరిగి వచ్చాక మీకు ఎలా ఉంది? కళ్లనీళ్లు వస్తే రానివ్వండి, అది లెక్కలోకి రాదు. చిరాకు వచ్చిందా, లేక రేపు కూడా వెళ్లాలనిపించిందా అన్నది లెక్క. ఆఖరి ఏడాది మంచం పట్టిన కుక్కకి రాత్రీ పగలూ సేవ చేసి, సెలైన్లు ఎక్కించి, డైపర్లు మార్చి అలిసిపోయినవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లలో కొందరికి కుక్క పోయాక బాధతో పాటు కాస్త ఊపిరి పీల్చుకున్నట్టు కూడా ఉంటుంది, దానికి మళ్ళీ సిగ్గుపడతారు. సిగ్గెందుకు? ఒంటికి విశ్రాంతి కావాలి, డబ్బుకీ కావాలి. ఆపరేషన్లకి, మందులకి చేసిన అప్పు ఇంకా తీరకపోతే అది తీరేదాకా ఆగడం కూడా మంచి కారణమే.

కొత్తదాన్ని తెచ్చుకుంటే పాతదానికి ద్రోహం చేసినట్టు అనిపిస్తుందని చాలామంది అంటారు. నాకైతే ఆ మాట పెద్దగా ఎక్కదు. రెండో బిడ్డ పుడితే మొదటి బిడ్డ మీద ప్రేమ తగ్గిందని ఎవరైనా అంటారా? కానీ అనిపించడం మాత్రం నిజం కాబట్టి, అనిపిస్తున్నంతకాలం తొందరపడకండి. అదే పేరు మాత్రం పెట్టకండి. పిలిచిన ప్రతిసారీ మీ గొంతులో తేడా వస్తుంది.

నిద్ర పట్టక, తిండి సహించక, పనికి పోలేక వారాలు గడిచిపోతుంటే అది కుక్క తెచ్చుకుంటే తీరేది కాదు. "కుక్క కోసం ఇంత ఏడుస్తారా" అని ఎవరైనా నవ్వుతారేమోనని దాచుకోకండి. 14416కి, అంటే ప్రభుత్వ టెలీ మానస్ లైనుకి, ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇంట్లో మిగతావాళ్లు

నిర్ణయం ఎవరిదంటే పని చేసేవాళ్లది. మన ఇళ్లలో కుక్క కావాలని గొడవ చేసేది పిల్లలు, సరే అనేది నాన్న, అన్నం కలిపేది, ఉచ్చ తుడిచేది అమ్మ. ఆ అమ్మకి ఇంకా మనసు రాకపోతే రానట్టే, ఓట్లు వేయించకండి. పిల్లలకి మాత్రం ఒక మాట: కుక్కని "ఊరికి పంపించాం", "ఫామ్‌హౌస్‌లో ఉంది" అని చెప్పి, వారంలో కొత్తదాన్ని చేతిలో పెట్టే పని చేయొద్దు. పోయిందని చెప్పండి, ఏడవనివ్వండి, ఫొటో పెట్టుకుంటామంటే పెట్టుకోనివ్వండి. వాళ్లంతట వాళ్లే కొత్తదాని గురించి అడగడం మొదలుపెట్టాక మాట్లాడండి.

ఇప్పుడు అసలు సమస్య. కొడుకు డాలస్‌లోనో, కూతురు న్యూజెర్సీలోనో ఉంటారు. ఇక్కడ అమ్మానాన్నలకి తోడుగా ఉన్న కుక్క పోయింది. వీడియో కాల్‌లో అమ్మ ముఖం చూసి తట్టుకోలేక, అక్కడ కూర్చుని ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేసి, ఒక లాబ్రడార్ పిల్లని బుట్టలో రిబ్బన్ కట్టి నాలుగో అంతస్తు ఫ్లాట్‌కి పంపించేస్తారు. ప్రేమతోనే పంపిస్తారు, కానీ దయచేసి ఆ పని చేయకండి. లాబ్ పిల్ల ఏడాది తిరిగేసరికి పాతిక ముప్పై కిలోలవుతుంది, గొలుసు పట్టుకున్న డెబ్బై ఏళ్ల మనిషిని మెట్ల మీద ఒక్క గుంజు గుంజితే తుంటి ఎముక విరుగుతుంది. అది పది పన్నెండేళ్లు బతుకుతుంది, అప్పటికి వీళ్లకి ఎనభై దాటతాయి. వీళ్లకి ఆసుపత్రి అవసరమొచ్చినా, మీ దగ్గరికి ఆర్నెల్లు రావాల్సి వచ్చినా ఆ కుక్క ఎక్కడుంటుంది? ముందు వాళ్లని అడగండి. అడిగితే "వద్దులే నాన్నా" అంటారు, అందులో నిజంగా వద్దు ఎంతో, మీకు ఖర్చు ఎందుకని ఎంతో తెలుసుకోవడానికి ఒక్క ఫోన్ కాల్ చాలదు, ఈసారి సెలవులకి వచ్చినప్పుడు పక్కన కూర్చుని మాట్లాడండి. కావాలంటే మాత్రం ఐదారేళ్లు దాటిన, నెమ్మదైన, చిన్న సైజు కుక్క సరిపోతుంది. ఆ వయసువాటిని షెల్టర్లలో ఎవరూ అడగరు, చాలావాటికి ఇంటి అలవాట్లు వచ్చే ఉంటాయి. దాంతోపాటు, వీళ్లకి వీలుకాని రోజున దాన్ని తీసుకెళ్లేది ఎవరో పేరుతో సహా ముందే అనుకోవాలి.

ఇంట్లో రెండో కుక్క ఉంటే దాని సంగతీ చూడాలి. 2022లో ఇటలీలో, రెండు అంతకంటే ఎక్కువ కుక్కలుండి ఒకటి పోయిన 426 మందిని అడిగి ఒక అధ్యయనం చేశారు. మిగిలిన కుక్కలో మార్పు కనిపించిందని 86 శాతం మంది చెప్పారు: మనిషిని వదలకుండా అతుక్కుపోవడం, ఆట తగ్గడం, నిద్ర పెరగడం, భయపడటం, తిండి తగ్గడం. యజమానులు చెప్పిన మాటలే కాబట్టి వాళ్ల బాధ కూడా అందులో కలిసే ఉండొచ్చు. ఏదేమైనా మీ కుక్క తినడం మానేస్తే "దిగులు పెట్టుకుంది" అని వదిలేయకుండా ముందు రక్తపరీక్ష చేయించండి, పోయినదానికి ఉన్న జబ్బే దీనికీ ఉండొచ్చు. ఉన్నది ముసలిదై కీళ్లనొప్పులతో కుంటుతుంటే దానికి తోడని పిల్లని తేవద్దు. రోజంతా చెవులు పట్టి లాగే పిల్ల దానికి నరకం. కాస్త హుషారుగా ఉండి, మళ్ళీ మామూలుగా తింటూ తిరుగుతుంటే, కొత్తదాన్ని ఇంట్లో కాకుండా బయట వీధిలో మొదట కలపండి. రెండూ గొలుసులతో ఒకే వైపు నడవాలి. ఇంట్లోకి వచ్చాక గిన్నెలు వేరు, గదులు వేరు, కొన్నాళ్లు.

ఏ నెలలో తేవాలి

ముహూర్తం సంగతి మీ ఇష్టం, కానీ క్యాలెండర్ చూడాలి. దీపావళికి ముందు వారాల్లో కుక్కపిల్లని తేవద్దు, ఇల్లు కొత్త, మనుషులు కొత్త, ఆ పైన లక్ష్మీబాంబులు, ఆ భయం కొన్నింటికి జీవితాంతం పోదు. మే నెల ఎండలో పిల్లల సెలవులు కదా అని తెస్తారు, జూన్‌లో బడులు తెరవగానే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒంటరిగా వదిలేస్తారు. అప్పటిదాకా చుట్టూ మనుషులే ఉన్న పిల్లకి ఆ మార్పు భరించరానిది. ఇంట్లో పెళ్లి, పదో తరగతి పరీక్షలు, ఇల్లు మారడం, సంక్రాంతికి పది రోజులు ఊరు, ఇవన్నీ అయ్యాకే.

మన వీధికుక్కలు ఎక్కువగా వానాకాలం చివర్లో ఎదకొస్తాయి, చలికాలం మొదట్లో ఈనతాయి. అందుకే జనవరి, ఫిబ్రవరిల్లో దత్తతకి దేశవాళీ పిల్లలు ఎక్కువగా కనిపిస్తాయి. ఆ రోజుల్లో తెచ్చుకుంటే ఎండలు ముదిరేలోపు టీకాలు కూడా చాలావరకు అయిపోతాయి.

తేల్చుకోలేకపోతే

ఫాస్టర్ చేయండి. అంటే కొన్ని వారాలు మీ ఇంట్లో ఉంచుకుని, శాశ్వతంగా తీసుకునేవాళ్లు దొరికాక ఇచ్చేయడం. జంతు సంక్షేమ సంస్థలకి ఇలాంటి ఇళ్లు ఎప్పుడూ తక్కువే. హైదరాబాద్‌లో 1992 నుంచి బ్లూ క్రాస్ ఉంది, విశాఖలో వీఎస్‌పీసీఏ ఉంది, మీ ఊళ్లో అలాంటిది లేకపోతే వీధికుక్కలకి అన్నం పెట్టే మనిషి ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లకి అన్నీ తెలుసు. ఆపరేషనై కట్టుతో ఉన్న కుక్కకి రెండు వారాలు చోటిస్తారా అని అడుగుతారు. మీకు చాకిరీ చేయడం వచ్చు, ఇంట్లో గిన్నెలున్నాయి, మనసు కూడా అటూ ఇటూగా ఉంది. ఇంతకంటే మంచి పరీక్ష లేదు. ఇచ్చేసేటప్పుడు తేలిగ్గా ఇవ్వగలిగితే మీకు ఇంకా టైముందని అర్థం. ఇవ్వలేక ఉంచేసుకునేవాళ్లు బోలెడంతమంది. (పార్వోతో కుక్క పోయిన ఇల్లయితే కుక్కపిల్లల్ని ఫాస్టర్ చేయొద్దు, పైన చెప్పింది గుర్తుంది కదా.)

కొనాలనే నిర్ణయించుకుంటే, 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లని అమ్మకూడదు, పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. నమోదు కాగితం అడగండి, తల్లికుక్కని చూపించమనండి. బస్టాండ్ దగ్గరికి తెచ్చిస్తాం, పార్కింగ్‌లో కలుద్దాం అంటే అక్కడితో ఆపేయండి. బాధలో ఉన్నవాళ్లు బేరం కూడా ఆడరని అమ్మేవాళ్లకి బాగా తెలుసు.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ "ఒకటి పోయింది కదా, ఇక కొత్తవి వద్దు" అని తీర్మానం చేసిందని కొందరు భయపడతారు. పెంపుడు జంతువుల్ని పూర్తిగా నిషేధించే అధికారం అసోసియేషన్లకి లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా గొడవతో మొదలుపెట్టకుండా లిఫ్టు, గొలుసు, శుభ్రత గురించి సెక్రటరీతో ముందే ఒక మాట అనుకోవడం తెలివి. అద్దె ఇల్లయితే మాత్రం ఓనరుతో మాట్లాడి, అగ్రిమెంట్‌లో రాయించుకోండి.

వచ్చాక

మొదటి రెండు మూడు రోజుల్లోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, పాతదాని ఫైలు కూడా పట్టుకెళ్లండి, అది దేనితో పోయిందో ఆయనకి తెలిస్తే దీని టీకాలూ మందులూ దాన్నిబట్టి చూస్తారు. పాతదానికి మిగిలిన మాత్రలు మాత్రం దీనికి వేయకండి, బరువు వేరు, జబ్బు వేరు. మూత తీయనివి, గడువు ఉన్నవి అయితే క్లినిక్‌లోనో షెల్టర్‌లోనో ఇస్తే ఇంకో కుక్కకి పనికొస్తాయి. మున్సిపాలిటీ లైసెన్సు పాతదాని పేరున ఉంటే దీనికి వేరేగా తీసుకోవాలి.

మొదటి నెల పోలికలు తప్పవు, పాతపేరుతో పిలిచేస్తారు కూడా. అయినా దీనికి దాని పడకచోటే ఇవ్వాలని లేదు, వేరే మూల వేయండి, నడిచే దారి కూడా కాస్త మార్చండి. దత్తత తీసుకునేటప్పుడే, ఏదైనా కుదరకపోతే వెనక్కి తీసుకుంటారా, ఎన్ని రోజుల్లో చెప్పాలి అని అడిగి పెట్టుకోండి. మంచి సంస్థలు దానికి ఏమీ అనుకోవు, చాలావాటి దత్తత ఫారంలోనే ఆ మాట రాసి ఉంటుంది, సంతకం పెట్టే ముందు చదవండి.